పీతలకు అభ్యంతరం లేదు

మా మొగలితిప్ప మడ అడవికి వచ్చే జనం టికెట్టు కొని, చెక్క వంతెన మీద ఆ చివరిదాకా నడిచి, తిరిగొచ్చి, గేటు పక్కనున్న మా గది కిటికీలో తల పెట్టి అడిగేది ఒక్కటే మాట. "ఏంటమ్మా, లోపల ఏమీ లేవేంటి?"

లేకపోవడమేంటి! నీటికుక్కలున్నాయి, బావురుపిల్లులున్నాయి, లకుముకి పిట్టలున్నాయి. వీళ్ళు చిప్సు పాకెట్లు కరకరలాడిస్తూ, పిల్లల్ని కేకలేస్తూ వస్తుంటే అవన్నీ మర్యాదగా పక్కకి తప్పుకుంటాయంతే. ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయాక, నేనూ, నాతో పనిచేసే ఇలియాజూ కలిసి 'జాడ' తయారుచేశాం.

చూడ్డానికి అవి మామూలు కళ్ళద్దాలే. అసలు పని వంతెన కింద ఉంది. ప్రతి గుంజకీ చిన్న చిన్న కళ్ళూ చెవులూ కట్టాం. బురద ఎక్కడ అదిరినా, ఏ ఒంటి వెచ్చదనం దాటిపోయినా అవి పట్టేస్తాయి. అదంతా కుట్టుకుని ఒక బొమ్మ చెయ్యడానికి మా కంప్యూటరుకి ఒక రోజు పడుతుంది. అందుకని అద్దాలు పెట్టుకున్నవాళ్ళకి ఇవాళ్టి బురద మీద నిన్నటి అడవి కనబడుతుంది. నిన్న ఇక్కణ్ణించి వెళ్ళిన నీటికుక్క ఇవాళ మీ కాళ్ళ పక్కనుంచి వీపు తళతళలాడించుకుంటూ పోతుంది. పక్కనే చిన్న అక్షరాల్లో దాని పేరూ, కబురూ. గైడక్కర్లేదు. మీరు నడిస్తే అద్దాలు దారి చూపిస్తాయి, ఆగితే అవీ ఆగుతాయి. ఒక్క సంగతి, జాడ గడియారం చూడదు, నీటిని చూస్తుంది. ఇక్కడ పోటు వచ్చి నీరెక్కినప్పుడు ఒక లోకం, పాటు తీసి బురద తేలినప్పుడు ఇంకో లోకం. మీరు పాటు వేళకి వస్తే నిన్నటి పాటు వేళే చూపిస్తుంది.

చిక్కల్లా మనుషులతో వచ్చింది. నిన్నటి జంతువులతో పాటు నిన్నటి మనుషులూ కనబడతారు కదా. నిన్న వంతెన మీద నిలబడి ముక్కు చీదినాయన ఇవాళ మీ మొహం మీదే చీదినట్టుంటుంది. వాళ్ళని చెరిపెయ్యాలి. రెండు కాళ్ళ మీద నిలబడ్డదాన్నల్లా చెరిపెయ్యమని యంత్రానికి చెప్పాం. అది మా కొంగలన్నిటినీ చెరిపేసి కూచుంది. పోనీ మొహాలు గుర్తుపట్టించుదామంటే నేనే ఒప్పుకోలేదు. అడవి చూడ్డానికి వచ్చినవాళ్ళ మొహాలు దాచుకోవడానికి మనమెవరం?

అప్పుడు ఇలియాజ్ టీ గ్లాసు బల్ల మీద పెట్టి అన్నాడు. "మనిషెవడో మనం చెప్పడం దేనికక్కా? పీతల్ని అడుగుదాం."

పాటు తియ్యగానే బురద నిండా ఎర్రపీతలు బయటికొస్తాయి. ఒక చెయ్యి చిన్నది, ఒక చెయ్యి ఒంటికి మించినంత పెద్దది. కొంగ పక్కన వాలినా కాస్త జరిగి మళ్ళీ తమ పని చూసుకుంటాయి గానీ, మనిషి అడుగు చప్పుడైతే చాలు, మొత్తం బురదంతా ఒక్కసారిగా ఖాళీ అయిపోతుంది. ఎవరు కదిలితే పీతలన్నీ బొరియల్లోకి దూరిపోతాయో వాళ్ళు మనుషులు, వాళ్ళని చెరిపెయ్ అన్నాం. మొదటి రోజే అద్భుతంగా పనిచేసింది. ఆ వారమంతా మేమిద్దరం ఒకళ్ళనొకళ్ళం తెగ పొగుడుకున్నాం.

ఇంట్లో సంగతి కూడా చెప్పాలి. మా ఇంట్లో నేనూ నాన్నా ఇద్దరమే. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాకు పెళ్ళి కాలేదు, చేసుకోలేదు. దాని గురించి ఆయన సణుగుతాడు, ఆయన షుగరు గురించి నేను సణుగుతాను, మొత్తానికి సంసారం సజావుగానే నడుస్తోంది. నాన్న పేరు గంగాధరం. కాలవ లాకుల మీద సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాడు. పడవ లాకులోకి వస్తే తలుపులు మూసి, నీళ్ళు నిండి పడవ పైకి లేచేదాకా గట్టు మీద కూచోవడమే ఆయన ఉద్యోగమంతా. అంత కుదురుగా కూచోగలిగిన మనిషిని నేను ఇంకొకళ్ళని చూడలేదు.

అలాంటాయన కొన్నాళ్ళుగా ఇంట్లో నిలవడం లేదు. క్యారేజీ పట్టుకుని "పార్కుకెళ్ళొస్తానమ్మడూ" అంటాడు. ఒకరోజు తెల్లారకుండానే, ఇంకో రోజు టిఫినయ్యాక, ఇంకో రోజు మిట్టమధ్యాహ్నం. ఇదేం పార్కు, ఇదేం వేళ! బజారులో మిరపకాయ బజ్జీల కోసం పోతున్నాడని నేను తేల్చేశాను. బజ్జీలు తినడానికి ఇస్త్రీ చొక్కా ఎందుకని కూడా నాకు తట్టలేదు. పొద్దున్నే పళ్ళు తోముకోకముందే పోటుపాట్ల పట్టిక చూసే దాన్ని నేను. ఆయన ఇల్లు కదిలే వేళ రోజుకింత చొప్పున అచ్చం పాటుతో పాటే జరుగుతోందని నాకు కాకపోతే ఎవరికి తెలియాలి? తెలియలేదు.

పై ఆఫీసు నుంచి తనిఖీకి హైమవతి మేడం వచ్చారు. ఆవిడ సంతకం పెడితే ఆదివారం నుంచి జాడ జనానికి అందుబాటులోకి వస్తుంది. పెట్టకపోతే గుంజలకున్న సరంజామా అంతా విప్పి ఇంకెక్కడికో పట్టుకుపోతారు, మా గదిలో చీపుర్లూ బకెట్లూ పెట్టుకుంటారు. ఇలియాజ్ ఆ రోజు బూట్లు కూడా తుడుచుకొచ్చాడు. తనిఖీ అని గేట్లన్నీ మూయించి జనాన్ని రానివ్వలేదు.

మేడమూ, ఆవిడ వెంట వచ్చిన ఇద్దరూ, మేమిద్దరం అద్దాలు పెట్టుకుని బయల్దేరాం. మొదటి మలుపులోనే నిన్నటి నీటికుక్క ఒకటి పిల్లల్ని వెంటేసుకుని మేడం కాళ్ళ ముందునుంచి దాటింది. ఆవిడ "అమ్మో!" అని చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకున్నారు. తర్వాత తన భయానికి తనే పడీ పడీ నవ్వారు. నాకు సగం సంతకం పడ్డట్టే అనిపించింది.

పల్లె వైపు చిన్న గేటు దగ్గర వంతెన పక్కగా ఒక బల్ల ఉంటుంది. మలుపు తిరిగేసరికి ఆ బల్ల మీద ఇద్దరు కూచుని ఉన్నారు. ఒక పెద్దాయన, ఒక పెద్దావిడ. మధ్యలో క్యారేజీ. ఇద్దరి కాళ్ళ చుట్టూ బురదలో ఎర్రపీతలు తిరునాళ్ళలా తిరుగుతున్నాయి. ఒక కొంగ ఆవిడకి చేతికందే దూరంలో ఒంటికాలి మీద కునుకు తీస్తోంది. వాళ్ళు మాట్లాడుకోవడం లేదు. ఆయన మూతలో ఇడ్లీ పెట్టి ఆవిడకి ఇచ్చాడు. ఆవిడ ఫ్లాస్కులోంచి ఏదో వంచి ఆయనకి ఇచ్చింది. అంతే.

వాళ్ళ పక్కన చిన్న అక్షరాలు వెలిగాయి. పేరు తెలియని జంతువు కనబడితే తను చూసింది చూసినట్టు రాయమని ఇలియాజే జాడకి నేర్పాడు. అది రాసింది:

"జంట. పాటు వేళకి వస్తాయి. ఆహారం పంచుకుంటాయి. పీతలకు అభ్యంతరం లేదు."

హైమవతి మేడం చప్పట్లు కొట్టారు. "ఎంత బాగుందండీ! అడవిలో మనిషెలా ఉండాలో చూపించడానికి పెట్టారా వీళ్ళని? యాక్టర్లా?"

ఇలియాజ్ నా చెవి దగ్గరికి వంగాడు. "అక్కా... ఆయన బాబాయిగారు కదా?"

ఆ బట్టతల, ఆ చొక్కా, ఆ క్యారేజీ. మా నాన్నే. యంత్రం తప్పేమీ చెయ్యలేదు. వాళ్ళు ఎంత నెమ్మదిగా వచ్చి, ఎంత కదలకుండా కూచున్నారంటే ఒక్క పీత కూడా బొరియలోకి పోలేదు. పీతలు వాళ్ళని మనుషుల లెక్కలో వెయ్యలేదు, మా సూత్రం వాళ్ళని అడవిలోనే ఉంచేసింది.

"ఈ ఇద్దర్నీ మాత్రం తియ్యకండి" అన్నారు మేడం. "ఆదివారం నుంచి ఇదే మన స్పెషల్. పోస్టర్ల మీద కూడా ఈ బొమ్మే వేద్దాం. మూడ్రోజుల్లో వచ్చి సంతకం పెట్టేస్తాను."

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి నాన్న వరండాలో వంకాయలు కోస్తున్నాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక నేను చెప్పులు కూడా విప్పకుండా అడిగేశాను.

"ఇడ్లీలు ఎలా ఉన్నాయంట?"

కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయింది. "ఎవరికి?"

"ఫ్లాస్కు తెచ్చినావిడకి."

నాన్న మొహం చూస్తే నవ్వొచ్చింది. అద్దంలో తన బొమ్మ చూసుకుని తనే అదిరిపడ్డ పిల్లిలా ఉన్నాడు. "చూసేశావా?" అన్నాడు మెల్లిగా.

"నేనొక్కదాన్నే కాదు. అయిదుగురం చూశాం. పైనుంచి వచ్చినావిడకి తెగ నచ్చేశారు మీరిద్దరూ. పోస్టరేస్తానంటోంది."

"ఓరి నాయనోయ్" అని ఆయన వంకాయ ముక్క నీళ్ళ గిన్నెలో వెయ్యబోయి నేల మీద వేశాడు.

ఆవిడ పేరు సుగుణరత్నం. పల్లె వైపు చర్చి వీధిలో ఉంటుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. భర్త లేడు. కళ్ళాసుపత్రి బెంచీ మీద ఒకరి పక్కన ఒకరు పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా మాటా పలుకూ లేకుండా కూచున్నారట. ఆ రోజే ఒకళ్ళకొకళ్ళు నచ్చారట. ఇదంతా నాన్న వంకాయలకేసి చూస్తూ చెప్పాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమంటావోనని."

"ఏమంటాను?"

"ఏమీ అనవు. అదే భయం. ఏమీ అనకుండా లోపలికెళ్ళి తలుపేసుకుంటావు. ఈ ఇంట్లో ఒక్కదాన్నీ అయిపోతానని బాధపడతావు. నాకు తెల్దా?"

నేను ఏమీ అనకుండా లోపలికెళ్ళి తలుపేసుకున్నాను. కాసేపు ఏడ్చాను కూడా. నాన్న సంతోషంగా ఉన్నందుకు కాదు, ఆ సంతోషంలో నేను ఎక్కడా లేనందుకు. అంత మంచి మొహం ఆయనకుందని నాకు ఇన్నేళ్ళూ తెలియకపోవడం ఒకటి. అది ఎవరో ఎర్రపీతలకి ముందు తెలియడం ఇంకొకటి.

మర్నాడు నాన్న పార్కుకెళ్ళలేదు. క్యారేజీ బోర్లించి పెట్టి, పేపరు అడ్డం పెట్టుకుని పడక్కుర్చీలో కూచున్నాడు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. నిజం చెప్పొద్దూ, లోలోపల కాస్త హాయిగానే అనిపించింది. మా నాన్న మా ఇంట్లో, నా కళ్ళ ముందు. ఇంకేం కావాలి?

ఆ మర్నాడు పాటు తియ్యగానే అద్దాలు పెట్టుకుని ఒక్కదాన్నే వంతెన మీదికి వెళ్ళాను. జాడలో అది నాన్న వెళ్ళని రోజు. బల్ల మీద సుగుణరత్నం గారు ఒక్కరే కూచుని ఉన్నారు. ఫ్లాస్కు ఉంది, రెండు గ్లాసులున్నాయి. పీతలు బయటే ఉన్నాయి. కాసేపటికి ఆవిడ లేచి గేటు వైపు చూశారు. పీతలు గబుక్కున బొరియల్లోకి పోయాయి. ఆవిడ చెరిగిపోయారు.

ఇవాళ ఆవిడ ఇంకా రాలేదు. ఖాళీ బల్లకేసి చూస్తూ నిలబడ్డాను. కొంచెం సేపటికి మళ్ళీ పీతలొచ్చాయి, ఆవిడా కనబడ్డారు, కూచుని. మళ్ళీ లేచారు. మళ్ళీ లేరు. గేటు దగ్గర అలికిడైనప్పుడల్లా ఆవిడ లేచినట్టున్నారు, లేచినప్పుడల్లా మా యంత్రం ఆవిణ్ణి తుడిచేస్తోంది. పక్కన అక్షరాలు పడేవి, పోయేవి. "ఒంటరి. అలవాటు మారింది." నేను చూసినంతసేపూ ఆవిడ అలా వస్తూ పోతూనే ఉన్నారు. రెండో గ్లాసులో కాఫీ వంచనే లేదు.

అద్దాలు తీసేసి ఇంటికి పరిగెత్తాను. నా మీద నాకే కోపంగా ఉంది.

"నాన్నా, లే. చొక్కా వేసుకో."

"ఎక్కడికి?"

"నువ్వెళ్ళకపోతే ఆవిడ చెరిగిపోతోంది. నడు."

మేం వెళ్ళేసరికి పాటు ఇంకా ఉంది. సుగుణరత్నం గారు బల్ల మీదే ఉన్నారు, నిజంగా. నన్ను చూడగానే పీతలన్నీ మాయమయ్యాయి. ఆవిడ లేచి నిలబడి, పవిట సర్దుకుని, ఎక్స్ఛేంజిలో పలికినంత స్పష్టంగా అడిగారు. "నువ్వేనామ్మా మందాకిని? మీ నాన్న నీ గురించి తెగ చెప్తారు."

"ఎప్పుడు చెప్తారండీ? నేను చూసినంతసేపూ మీరిద్దరూ నోరిప్పలేదు."

"పోటొచ్చాక మాట్లాడుకుంటాం" అన్నాడు నాన్న సిగ్గుపడుతూ. "పీతలెళ్ళిపోయాక."

నేను ఉన్నదంతా చెప్పేశాను. అద్దాల సంగతి, మేడం సంగతి, పోస్టరు సంగతి. ఒప్పుకుంటే సంతకం పడుతుందని, ఒప్పుకోకపోతే పడుతుందో లేదో తెలియదని కూడా దాచకుండా చెప్పాను. నాన్న నా ఉద్యోగం గుర్తొచ్చి అప్పుడే తలూపబోయాడు. సుగుణరత్నం గారు ఆయన మోచేతి మీద చెయ్యి వేశారు.

"వద్దమ్మా" అన్నారు. "మా ఎక్స్ఛేంజిలో ఒక పద్ధతుండేది. ఇటువాళ్ళని అటువాళ్ళకి కలిపేదాకానే మన పని. కలిశాక చెవికి పెట్టుకున్నది తీసి పక్కన పెట్టెయ్యాలి. వినొచ్చు, ఎవరికీ తెలియదు. అయినా వినకూడదు. లైనులో మూడో మనిషి ఉండకూడదు. సర్వీసంతా ఊరివాళ్ళ మాటల మధ్యనుంచి నేను తప్పుకున్నాను. ఇప్పుడు మా ఇద్దరి మధ్యకీ ఎవరూ రావద్దు. నీ ఉద్యోగానికి ఇబ్బందైతే మాత్రం..." అని ఆగి, "అయినా వద్దమ్మా" అని తేల్చేశారు.

ఆవిడ నాకు అప్పుడే నచ్చేశారు. నేను గదికెళ్ళి ఇలియాజ్‌తో చెప్పి, బల్ల చుట్టుపక్కల గుంజలకున్న కళ్ళన్నీ విప్పించేశాను. పీతల్ని చూడ్డానికి బురదకేసి వంగి ఉన్న ఒక్కటి మాత్రం ఉంచాం. "పీతలు తప్ప ఎవరూ కనబడరక్కా" అన్నాడు వాడు. "మేడంకి ఏం చెప్తారు?"

"నిజం."

హైమవతి మేడం నిజం విని మూతి ముడుచుకున్నారు. "పోనీ మొహాలు మార్చి పెట్టండి. వేరే ఎవరివైనా తగిలించండి."

"మారిస్తే అది నిన్న జరిగింది కాదండి, బొమ్మలాట. అలాంటివి జనం ఫోన్లో రోజూ చూస్తూనే ఉన్నారు."

"మరి ఆ బల్ల దగ్గర ఏం చూపిస్తారు? ఖాళీ బల్లా?"

"ఖాళీ బల్లేనండి. మీరు కూచోండి."

ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు. ఆవిడ కూచున్నారు, విసురుగా. పీతలన్నీ ఎప్పుడో లోపలికి పోయాయి. అద్దాల్లో మేం రాత్రికి రాత్రి రాయించిన మాట వెలిగింది: "కదలకండి. ఇవి మిమ్మల్ని చూస్తున్నాయి."

"ఎంతసేపు?"

"అది వాటిష్టమండి."

ఫోను మోగింది. ఆవిడ ఎత్తారు. ఒక పీత బయటికి తొంగి చూసి మళ్ళీ దూరిపోయింది. మేడంకి పట్టుదల వచ్చింది. ఫోను ఆపేసి వెంట వచ్చినాయన చేతిలో పెట్టారు. కాలు మీద కాలు తీశారు. దోమ కుట్టినా ఓర్చుకున్నారు. నేనూ ఇలియాజూ వంతెన మీద ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. చాలాసేపటికి బురదలో ఒక బొరియలోంచి ఎర్రగా చెయ్యొకటి పైకొచ్చింది. తర్వాత ఇంకొకటి. తర్వాత బురదంతా మెల్లమెల్లగా ఎర్రబారింది. ఒక పీత ఆవిడ చెప్పు మీదికెక్కి అటునుంచి దిగి వెళ్ళింది. ఆవిడ కళ్ళు ఇంతింత చేసుకుని, పెదవులు మాత్రమే కదిలిస్తూ నావైపు చెయ్యి చాచారు.

"కాగితం. మెల్లిగా తెండి."

ఇలియాజ్ బూట్లు విప్పేసి, ఒట్టి కాళ్ళతో పిల్లిలా నడిచి వెళ్ళి ఇచ్చాడు. సంతకం పడేటప్పుడు ఒక్క పీత కూడా కదల్లేదు.

ఆదివారం జాడ మొదలైంది. నీటికుక్కల కోసం వచ్చినవాళ్ళు బల్ల దగ్గర బందీలైపోయారు. సంసారాలకి సంసారాలే పిల్లల నోళ్ళు మూసి, చిప్సు దాచి, కిక్కురుమనకుండా కూచుంటున్నారు. పీతలు బయటికొస్తే ఒకళ్ళ చేతులొకళ్ళు గట్టిగా పట్టుకుంటారు. వంతెన మీద వాళ్ళ తర్వాత వాళ్ళు వరసలో నిలబడి ఉంటారు. ఆ వరస కూడా చప్పుడు చెయ్యదు. కిటికీలో తల పెట్టి అడిగే మాట కూడా మారింది: "అమ్మా, మావైతే చెప్పు దాకా వచ్చాయి. ఎవరికైనా మోకాలెక్కాయా?"

అందరూ బాగానే ఉన్నారు, నష్టపోయింది నాన్న ఒక్కడే. "మా బల్ల పోయిందమ్మడూ" అన్నాడు వారం తిరక్కుండానే. "ఇవాళ వరసలో నిలబడి నిలబడి కాళ్ళు పీకాయి. ఆవిడ ఫ్లాస్కులో కాఫీ చల్లారిపోయింది. నీ అద్దాలు కాదు గానీ..."

"ఇంట్లో బల్ల లేదా?" అన్నాను.

ఆయన నావైపు చూశాడు. నేను మళ్ళీ అనాల్సి వచ్చింది. "ఆవిణ్ణి ఇక్కడికే రమ్మను నాన్నా. వేడి కాఫీ తాగుదురు గాని. చుట్టాలు ఏమనుకుంటారన్నది నేను చూసుకుంటాను."

మొదటిరోజు నేను కావాలనే ఆలస్యంగా ఇంటికొచ్చాను. వీధిలోకే సుగుణరత్నం గారి గొంతు వినబడుతోంది. ఎవరో పెద్దమనిషి పొరపాటు నంబరు కలిపించుకుని, అవతల ఉన్నది పెళ్ళామే అనుకుని క్షమాపణలన్నీ చెప్పేసుకున్న వైనం చెప్తోంది. నాన్న పగలబడి నవ్వుతున్నాడు. ఆయన నవ్వుకి కూడా అంత చప్పుడుంటుందని నాకు తెలియదు. మెట్లెక్కుతుంటే నా అడుగులు నాకే గట్టిగా వినబడ్డాయి. నన్ను చూడగానే ఇద్దరూ సర్దుకుని కూచుంటారని, మాట గుటుక్కున ఆగిపోతుందని, ఆ తర్వాత ముగ్గురం వాతావరణం గురించి మాట్లాడుకోవాలని నాకు భయంగానే ఉంది.

తలుపు తోసి లోపలికి అడుగు పెట్టాను. ఆవిడ నావైపు చూసి, ఎదురుగా ఉన్న కుర్చీ చేత్తో చూపించి, ఎక్కడా ఆగకుండా మిగతా కథ చెప్తూనే ఉంది.